రెండు తీగల నడుమ

(ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుని స్మారకోపన్యాసానికి అచ్చు ప్రతి)

అధ్యక్షులకీ, వేదిక మీది పెద్దలకీ, ముందు వరసలో కూర్చున్న మాష్టారి అమ్మాయికీ, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ పిల్లలకీ నమస్కారం.

ఆహ్వానపత్రికలో నా ప్రసంగానికి "విద్యుదయస్కాంతత్వం, ఆధునిక ప్రపంచం" అని పేరు అచ్చువేశారు. ఆ పేరు నేను పెట్టింది కాదు. ప్రపంచం సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది రెండు తీగలు. పక్కపక్కన కట్టిన రెండు తీగల్లో కరెంటు పారుతుంటే అవి ఒకదాన్నొకటి ఏం చేస్తాయన్నదే ఇవాళ్టి నా మాట. మాష్టారు ఉండుంటే "అదొక్కటీ సరిగ్గా చెప్పు చాలు" అనేవారు.

ఇంటర్ రెండో ఏడు చదివే పిల్లలకి ఇది కొత్త కాదు. ఒకే దిక్కున పారితే ఆకర్షణ, ఎదురెదురుగా పారితే వికర్షణ. బలం రెండు ప్రవాహాల లబ్ధానికి అనులోమానుపాతం, మధ్య దూరానికి విలోమానుపాతం. ఇంత రాస్తే మార్కులొస్తాయి. మేమూ అలాగే రాశాం.

కానీ మాష్టారు ఈ పాఠం చెప్పిన రోజు బోర్డుని నిలువుగా రెండు భాగాలు చేశారు. ఎడమవైపు "సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి" అని రాశారు. కుడివైపు "సజాతి ప్రవాహాలు ఆకర్షించుకుంటాయి" అని రాశారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ప్రవాహం అంటే ఏమిట్రా? కదిలే ఆవేశాలేగా. నిలబడి ఉన్నప్పుడు ఒకదాన్నొకటి తోసుకునేవి, కలిసి నడవడం మొదలుపెట్టగానే దగ్గరెందుకవుతాయి?" అన్నారు. మేం మొహాలు చూసుకున్నాం. గంట కొట్టారు. మర్నాడు చెబుతారనుకున్నాం, చెప్పలేదు. వారం తర్వాత ధైర్యం చేసి అడిగితే, "నాకూ నలభై ఏళ్ళు వచ్చాక తెలిసింది, నువ్వు తొందరపడకు" అని నవ్వారు. ఆ ప్రశ్నే నన్ను పట్టుకుని ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

జవాబు చివర్లో చెబుతాను. ముందు దీన్ని మొదట చూసిన మనిషి దగ్గరికి వెళ్దాం.

1820లో కోపెన్‌హాగెన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకి తిరగడం గమనించారు. జులై 21 తేదీతో లాటిన్‌లో నాలుగు పేజీల కరపత్రం అచ్చువేసి యూరప్ అంతా పంచారు. ఆ ప్రయోగాన్ని జెనీవాలో కళ్ళారా చూసొచ్చిన ఫ్రాన్స్వా అరాగో, సెప్టెంబరు మొదట్లో పారిస్ సైన్స్ అకాడమీలో సంగతి చెప్పి, 11న చేసి చూపించారు. సభలో చాలామంది తీగ ముల్లుని ఎలా తిప్పుతోందా అని ఆలోచించారు. ఆంద్రే మరీ ఆంపియర్ మాత్రం ముల్లుని పక్కన పెట్టేశారు. తీగకి అయస్కాంతం మీద పట్టు ఉంటే, అయస్కాంతం లోపలా ఇలాంటి ప్రవాహాలే ఉండాలి. అలాగైతే అయస్కాంతంతో పనిలేకుండా తీగకి తీగే చాలు. వారం తిరక్కుండా, 18వ తేదీన, ఆయన తన మొదటి పత్రం చదివారు. నెలాఖరులోపు చుట్టలుగా చుట్టిన తీగలు ఒకదాన్నొకటి లాక్కోవడం, తోసుకోవడం చూపించారు. తిన్నని సమాంతర తీగలు ఆ తర్వాత కొద్ది వారాల్లోనే వచ్చాయి.

అప్పటికి ఆయనకి నలభై అయిదేళ్ళు. గణితం పంతులు. ప్రయోగాలు చేసే మనిషిగా ఎవరూ ఎరగరు. పద్దెనిమిదేళ్ళ వయసులో తండ్రిని విప్లవం రోజుల్లో గిలటిన్ ఎక్కించారు. పెళ్ళయిన నాలుగేళ్ళకే భార్య పోయింది. ఇవన్నీ జీవితచరిత్రల్లో చదువుకోవచ్చు. నాకు ఆసక్తి కలిగించింది మరోటి, ఆయన చేయించిన పరికరం. ఒక తీగని కదలకుండా బిగించారు. రెండోదాన్ని ఉయ్యాలలా, అతి తేలిగ్గా ఊగేట్టు వేలాడదీశారు. అంతటితో ఊరుకోక దాని మీద గాజు పెట్టె బోర్లించారు. ఎందుకో పిల్లలు ఊహించండి. కిటికీలోంచి వచ్చే చిరుగాలి కూడా ఈ బలం కంటే పెద్దది.

వెంటనే అభ్యంతరాలు మొదలయ్యాయి. ఇది పాత సంగతే, ఆవేశాల ఆకర్షణే అన్నారు కొందరు. ఆంపియర్ సమాధానం చూడండి: ఆవేశాల్లో సజాతులు తోసుకుంటాయి, ఇక్కడ ఒకే దిక్కు ప్రవాహాలు లాక్కుంటున్నాయి. విజాతి ఆవేశాలున్న వస్తువులు తగిలాక విడిపోతాయి, తీగలు మాత్రం కరెంటు ఉన్నంతసేపూ అంటుకునే ఉంటాయి. అంటే మా మాష్టారు బోర్డుని చీల్చిన గీత మొదట గీసింది ఆంపియరే. ఇంకొకరు మరో వాదం తెచ్చారు. తీగలు రెండూ విడివిడిగా ముల్లుని కదిపితే, అవి ఒకదాన్నొకటి కదపడంలో వింతేముంది, ఓర్‌స్టెడ్ చెప్పినదాంట్లోనే ఇదీ ఉందిగా అని. అప్పుడు అరాగో జేబులోంచి రెండు ఇనప తాళంచెవులు తీశారని చెప్పుకుంటారు. "ఈ రెండూ ముల్లుని లాగుతాయి. మరి ఇవి ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయా?" అన్నారట. సభలో వాదన గెలవడమంటే అలా ఉండాలి.

ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆంపియర్ చేసిన పనిని చూసే మాక్స్‌వెల్ 1873లో ఆయన్ని విద్యుత్ శాస్త్రానికి న్యూటన్ అన్నారు. 1826 నాటి ఆయన పుస్తకం పేరులోనే ఈ సిద్ధాంతం "కేవలం ప్రయోగం నుంచే రాబట్టినది" అని ఉంటుంది. ఇక్కడొక ముచ్చట. పుస్తకం చివరికొచ్చాక ఆయనే రాస్తారు: ఫలానా బొమ్మల్లో చూపిన పరికరాలు చేయించడానికి ఇంకా తీరిక దొరకలేదు, కాబట్టి ఆ ప్రయోగాలు ఇంకా జరగలేదు అని! ప్రాక్టికల్ పరీక్ష ముందు రాత్రి, చేయని ప్రయోగానికి రికార్డులో రీడింగులు రాసుకున్న మనలాంటివాళ్ళకి ఇది కాస్త ఊరట. తేడా ఏమిటంటే, ఆయన ఒప్పుకున్నారు.

ఇక బలం ఎంత? తీగలు రెండూ మీటరు ఎడంలో, ఒక్కోదాంట్లో 1 ఆంపియర్. అప్పుడు ప్రతి మీటరు పొడవు మీదా పడే బలం, ఒక న్యూటన్‌ని కోటి భాగాలు చేస్తే అందులో రెండు. బియ్యపు గింజ ఇరవై మిల్లీగ్రాములనుకుంటే, దాన్ని వెయ్యి ముక్కలు చేసి అందులో ఒక ముక్క అరచేతిలో పెట్టుకున్నంత బరువు. 1948లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఆంపియర్‌కి నిర్వచనంగా దీన్నే పెట్టింది. అంతకుముందు వెండి ఉప్పు ద్రావణంలోంచి సెకనుకి ఎన్ని మిల్లీగ్రాముల వెండి పేరుకుంటుందన్నది లెక్క. కొత్త నిర్వచనంలో తీగల పొడవు అనంతం, మందం లేనట్టే లెక్క, మధ్యలో శూన్యం. అలాంటి తీగలు ఏ అంగట్లోనూ దొరకవు కనక, ప్రయోగశాలల్లో తీగ చుట్టలు కట్టిన త్రాసులతో తిప్పలు పడ్డారు. 2019 మే 20 నుంచి ఆ నిర్వచనమూ పోయింది. ఇప్పుడు ఎలక్ట్రాను ఆవేశాన్ని ఒక అంకె దగ్గర స్థిరపరిచి, దాన్నుంచి ఆంపియర్‌ని తీస్తున్నారు. దాంతో పుస్తకంలోని ఆ "కోటిలో రెండు" ఇక నిర్వచనం కాదు, కొలిచి తెలుసుకోవాల్సిన అంకె. విలువ పది అంకెల దాకా మారలేదు కాబట్టి పరీక్ష రాసేవాళ్ళు కంగారుపడనక్కర్లేదు.

బియ్యపు గింజలో వెయ్యో వంతు. ఇంత చిన్న బలంతో ఏం పని అని నేనూ అనుకున్నాను. ఇంట్లో గీజరుకి వెళ్ళే వైరులో ఫేజు, న్యూట్రల్ పక్కపక్కనే ఉంటాయి. వాటిలో కరెంటు ఎప్పుడూ ఎదురెదురు, కాబట్టి మీరు స్నానం చేసినంతసేపూ అవి తోసుకుంటూనే ఉంటాయి. పది ఆంపియర్లు, నాలుగు మిల్లీమీటర్ల ఎడం వేసుకుంటే మీటరుకి అర గ్రాము. ఎవరికి పట్టింది?

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నాకు పట్టింది. ఒక సబ్‌స్టేషన్. ఊరు పేరు వద్దు, ఆరోజు డ్యూటీలో ఉన్నవాళ్ళ పిల్లలు ఈ సభలోనే ఉన్నా ఉండొచ్చు. పదకొండు కేవీ ప్యానెల్లోకి తొండ దూరింది. ఢామ్మని శబ్దం, బ్రేకరు పడిపోయింది, సగం ఊరు చీకటి. నేను వెళ్ళేసరికి ఫోర్‌మన్ తేల్చేశాడు: "తొండ సార్. తొండ పోయింది, ఫీడరు పోయింది. తుడిచేసి ఎక్కించేద్దాం." వెనక తలుపు విప్పించాను. తొండ మాడిన చోట రాగి కాస్త కరిగి నల్లబడింది, అది సరే. కానీ అక్కణ్ణుంచి రెండు బారల దూరంలో, నిప్పు తగలని చోట, రెండు ఫేజుల బస్‌బార్లు ఒకదానికొకటి ఎడంగా విల్లుల్లా వంగి ఉన్నాయి. వాటిని పట్టుకున్న పింగాణీ ఇన్సులేటర్లలో ఒకటి మధ్యకి విరిగింది. "ఇదేమిటి?" అన్నాను. "ఇదీ తొండే సార్" అన్నాడు.

తొండ రాగి పట్టీని వంచలేదు. వేడి వంచిందనుకుంటే అక్కడ వేడి ఆనవాలే లేదు. ఆ రాత్రి క్వార్టర్సులో కూర్చుని మాష్టారి సూత్రం తీసి లెక్క కట్టాను. ఆ తరహా ప్యానెళ్ళు 25 వేల ఆంపియర్ల ఫాల్టు తట్టుకునేట్టు చేస్తారు. ఫాల్టు పడ్డ మొదటి క్షణంలో కరెంటు అంతటితో ఆగదు, దాదాపు రెండున్నర రెట్లకి ఎగబాకుతుంది. 62,500 ఆంపియర్లు, బార్ల మధ్య ఇరవై సెంటీమీటర్లు. మీటరుకి సుమారు 3,900 న్యూటన్లు. అంటే నాలుగు వందల కిలోలు, ఎనిమిది సిమెంటు బస్తాలు మీటరు పొడవు రాగి పట్టీని పక్కకి నెట్టినట్టు. సూత్రంలో ప్రవాహాలు రెండూ గుణించుకుంటాయి కదా. కరెంటు వెయ్యింతలైతే బలం పది లక్షల రెట్లు. గింజ ముక్క బస్తాలైంది అందుకే. ఎదురెదురు ప్రవాహాలు కనక ఎడంగా వంగాయి. పుస్తకంలో రెండు మార్కుల బొమ్మ నా ముందు రాగిలో గీసి ఉంది.

ఇంకో సంగతి ఆ రాత్రే బోధపడింది. బలం పతాక స్థాయికి చేరేది మొదటి అర చక్రంలో, అంటే పది మిల్లీసెకన్లలో. రిలే చూసుకుని, బ్రేకరు తెరుచుకోవడానికి ఎంత వేగమైనా కొన్ని చక్రాలు పడుతుంది. అంటే బ్రేకరు కళ్ళు తెరిచేలోపే వంగాల్సింది వంగిపోతుంది. వేడినుంచి బ్రేకరు కాపాడుతుంది, ఈ తోపుడునుంచి కాపాడలేదు. దీనికి ఇన్సులేటర్లు దగ్గరదగ్గరగా వేయడం, బిగింపు సరిగ్గా ఉండడం తప్ప మందు లేదు. అప్పటినుంచి నేను ఎక్కడికి తనిఖీకి వెళ్ళినా మీటర్లు చూడకముందు బోల్టులు చూసేవాణ్ణి. నా వెనకాల నాకు "బోల్టు సారు" అని పేరు పెట్టారని రిటైరయ్యాక తెలిసింది.

ట్రాన్స్‌ఫార్మర్లో ఇదే కథ, ఇంకా గట్టిగా. లోపలి కాయిల్లోనూ బయటి కాయిల్లోనూ కరెంట్లు ఎదురెదురు. ఫాల్టు పడితే బయటిది ఉబ్బాలని చూస్తుంది, లోపలిది నలగాలని చూస్తుంది. పైకి డబ్బా చెక్కుచెదరకుండా కనపడుతుంది, లోపల చుట్లు సొట్టపోతాయి. నాలుగు వందల కేవీ లైన్ల కింద పొలాల్లో నిలబడి తలెత్తితే, ఒక్కో ఫేజుకి రెండేసి నాలుగేసి తీగలు జట్టుగా వెళ్తుంటాయి, మధ్యమధ్య స్పేసర్లు బిగించి. ఎడం సుమారు 45 సెంటీమీటర్లు. అన్నిట్లోనూ కరెంటు ఒకే దిక్కు, కాబట్టి లాక్కుంటాయి. మామూలు రోజుల్లో ఆ లాగుడు తీగ బరువు ముందు లెక్కలోకి రాదు. జట్టులోని రెండు తీగల్లో ఒక్కోదాంట్లో 20 వేల ఆంపియర్ల ఫాల్టు పారితే మాత్రం, మీటరుకి రెండు కిలోల తీగని పద్దెనిమిది కిలోల బలం పక్కకి లాగుతుంది. స్పేసర్ల మధ్య తీగలు చప్పట్లు కొడతాయి.

ఒకే దిక్కు ప్రవాహాల లాగుడు ఎంత చేయగలదో మొదట రాసిపెట్టిన ఘనత పిడుగుది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, హార్ట్‌లీ వేల్ అనే చోట కిరసనాయిలు శుద్ధిచేసే కర్మాగారం ఉండేది. దాని చిమ్నీ మీది పిడుగు కడ్డీలో కొంత భాగం బోలు రాగి గొట్టం. పిడుగు పడ్డాక చూస్తే ఆ గొట్టం కరగలేదు, తెగలేదు, ఎవరో గుప్పిట్లో పెట్టి పిసికినట్టు నలిగిపోయింది. 1905లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన పొలాక్, బారక్లఫ్ దాన్ని పరిశీలించి సరైన కారణం చెప్పారు. గొట్టం గోడని నిలువుగా సన్నని తీగల కట్ట అనుకోండి. అన్నిట్లోనూ ప్రవాహం ఒకే దిక్కున నేలకి. ప్రతి తీగా మిగతా అన్నిట్నీ తనవైపు లాగింది, గొట్టం లోపలికి కుంగింది. ఆ పిసుకుడునే తర్వాత ప్లాస్మాని అదుపు చేయడానికి వాడుకోవాలని చూశారు. మన గాంధీనగర్‌లో 1989లో మొదలైన ఆదిత్య టోకమాక్ అనే ప్లాస్మా యంత్రం దాకా అదొక పెద్ద కథ, దానికి వేరే సభ కావాలి.

ఇప్పుడు మాష్టారి ప్రశ్నకి వద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం, తొందరేం లేదు, భోజనాలు ఇంకా సిద్ధం కాలేదట.

ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగ తీసుకోండి. 1 ఆంపియర్ పారిస్తే లోపల ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా నడుస్తాయి? గంటకి ఇరవయ్యారు సెంటీమీటర్లు. నత్తే నయం. కాంతి వేగంతో పోలిస్తే నాలుగు లక్షల కోట్లలో ఒక వంతు. మాష్టారి ప్రశ్నకి జవాబు ఐన్‌స్టీన్ సాపేక్షతలో ఉంది. ఇంత మందకొడి నడకలో దానికేం పని అంటారు. కిటుకు అక్కడే ఉంది.

మీటరు తీగలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల ఆవేశం 13 వేల కూలుంబులకి పైగా. మీటరు ఎడంలో అలాంటి తీగలు రెండు ఉన్నాయనుకుని, ఎలక్ట్రాన్లని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, మీటరు పొడవు మీద పడే వికర్షణ మూడు కోట్ల కోట్ల టన్నుల బరువంత. అది మనకి కనిపించదు. ఎందుకంటే అంతే ధనావేశం రాగి అణువుల్లో కదలకుండా కూర్చుని, ఆ మొత్తాన్ని సరిగ్గా కొట్టేస్తోంది. జమా ఖర్చూ సరిపోయిన చిట్టా. బోర్డు ఎడమవైపు వాక్యం తప్పు కాదు, కొట్టివేత పడిందంతే.

ఇప్పుడు మీరు మొదటి తీగలోని ఎలక్ట్రాను మీద ఎక్కి కూర్చోండి. రెండో తీగలో ఎలక్ట్రాన్లు మీతో పాటే, అదే వేగంతో వస్తున్నాయి. రైల్లో పక్క బోగీ మనిషిలా, మీ దృష్టిలో అవి కదలడం లేదు. కదులుతున్నది రెండో తీగలోని రాగి అణువులు, స్టేషన్లో స్తంభాల్లా వెనక్కి. కదిలే వాటి మధ్య దూరం కుదించుకుపోయినట్టు కనిపిస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పారు. అంటే మీకు ఎదుటి తీగలో ధనావేశం పిసరంత ఎక్కువ చిక్కగా కనిపిస్తుంది. చిట్టా సరిపోలేదు, జమ వైపు పిసరు మిగిలింది. మీరు ఋణావేశం. లాగబడతారు. ఎదురు దిక్కున పారితే? అప్పుడు ఎదుటి ఎలక్ట్రాన్లు మీకు రెట్టింపు వేగంతో వస్తాయి, అవే ఎక్కువ చిక్కబడతాయి, మిమ్మల్ని తోస్తాయి. ఈ దారిలో చెప్పే పద్ధతిని 1965లో ఎడ్వర్డ్ పర్సెల్ తన పాఠ్యపుస్తకంతో తరగతి గదికి తెచ్చారు.

ఆ పిసరు ఎంత? వేగాల నిష్పత్తిని వర్గం చేయాలి. నాలుగు లక్షల కోట్లలో వంతుని మళ్ళీ నాలుగు లక్షల కోట్లతో భాగించాలి. దాంతో ఆ మూడు కోట్ల కోట్ల టన్నుల్ని గుణించి చూడండి. న్యూటన్‌లో కోటికి రెండు భాగాలొస్తాయి. నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు సున్నాలు తప్పు పెట్టాననుకుని మూడుసార్లు చేశాను. బియ్యపు గింజలో వెయ్యో ముక్క ఒక బలహీనమైన బలం కాదు. కొండలంత పద్దు కొట్టేశాక మిగిలిన చిల్లర.

అందుకే ప్రవేశపరీక్షల్లో తిరగేసి అడిగే ఆ ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. శూన్యంలో రెండు ఎలక్ట్రాన్ పుంజాలు పక్కపక్కన ఒకే దిక్కున వెళ్తే? సూత్రం పట్టుకున్నవాడు ఆకర్షణ అంటాడు. కానీ అక్కడ రాగి అణువులు లేవు, కొట్టేసేవాళ్ళు లేరు. వికర్షణ నిండుగా మిగులుతుంది, అయస్కాంత ఆకర్షణ దాని ముందు చాలదు. పుంజాలు విడిపోతాయి.

మాష్టారికి ఈ జవాబు ఉత్తరంలో రాసి పంపాను. అప్పటికి నా వయసు నలభై రెండు. ఆయన పోస్టుకార్డు మీద ఒక్క ముక్క రాశారు: "రెండేళ్ళు ఆలస్యం."

ఇక చివరిది. మాకు ఆ రోజుల్లో మాష్టారు ఈ బలాన్ని చూపించారు కూడా. సిగరెట్ పెట్టెల్లోని వెండి రేకుని నీళ్ళలో నానబెట్టి, కాగితం ఊడదీసి, సన్నని పట్టీలు కోసి, అర సెంటీమీటరు ఎడంలో వదులుగా వేలాడదీశారు. లారీ షెడ్డునుంచి బ్యాటరీ, రెండు హెడ్‌లైటు బల్బులు అరువు తెచ్చారు. బల్బులు రెండూ వెలిగితే పది ఆంపియర్లు. పది ఆంపియర్లకి ఆ ఎడంలో పడే బలం దాదాపు రేకు తన బరువంత ఉంటుంది. ఎలా చూసినా కదలక తప్పదు.

అవే ఈ బల్ల మీద పెట్టాను. రేకు మాత్రం వంటింటిది, ఇప్పుడు సిగరెట్ పెట్టెలు ఏరుకోవడం మర్యాద కాదు. పిల్లలూ, ముందుకు రండి, నలుగురే. అమ్మా, మీరు కూడా రండి, క్లిప్పు మీరే పెట్టాలి. అయిదారు సెకన్లకి మించి ఉంచకండి, రేకు వేడెక్కుతుంది. ముందు ఎదురెదురుగా పారేట్టు కలిపాను, విడిపోవాలి. తర్వాత కొసలు మారుద్దాం.

వెనక ఎవరైనా ఆ ఫ్యాన్లు కట్టేయండి కాస్త.